మా ఇంట్లో పిలవని పేరు

మా పెళ్లి ఆల్బమ్‌లో గడప దగ్గర తీసిన ఫోటో ఒకటి ఉంది. ఇవతల నేనూ హరీశూ, అవతల చేతులు అడ్డం పెట్టి నలుగురైదుగురు ఆడవాళ్లు. మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామని వాళ్లు పట్టుబట్టిన సమయం అది. మూడు నెలలుగా ఫోన్లో రోజుకు నలభైసార్లు పిలిచిన పేరు సరిగ్గా అప్పుడే గొంతులో అడ్డంపడింది.

"నేనూ, మా హరీశ్ వచ్చినం" అన్నాను చివరికి. తొర్రూరు మొత్తం విన్నదేమో అన్నంత గట్టిగా వచ్చింది.

"జర మెల్లగ చెప్పు పిల్లా, పిల్లగాడు బెదురుతడు" అన్నారెవరో. అందరూ విరగబడి నవ్వారు.

ఆ నవ్వుల వెనక, ఫోటో మూలన, ఒక పిల్ల వీపు కనిపిస్తుంది. పసుపురంగు గౌను. డప్పులు మోగుతున్నా, మనుషులు కేకలు పెడుతున్నా ఇటు తిరగలేదు. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని, రెండో చేత్తో గిన్నె మూత తిప్పుతోంది. పెళ్లయిన కొత్తలో నా మొహం ఎలా పడిందో చూసుకోవడానికి ఆ ఆల్బమ్ తెరిచేదాన్ని. ఇప్పుడు ఆ వీపు కోసం తెరుస్తున్నాను.

ఆ పిల్ల మా బావ పరశురాములు కూతురు. అప్పటికి రెండేళ్ల తొమ్మిది నెలలు.

నాకు మొదటి వారమంతా సంబరమే. లింగాల ఘనపూర్‌లో పుట్టి, జనగామలో బీఎస్సీ చదివినదాన్ని, తొర్రూరు నాకేం పరదేశం కాదు. అయినా అన్నీ కొత్తగానే ఉండేవి. నా గాజుల చప్పుడుకు నేనే మురిసేదాన్ని. హరీశ్ తన ఫ్లెక్సీ షాపు మూసి వస్తూ తెచ్చే మిరపకాయ బజ్జీల పొట్లం కూడా విప్పకుండా కాసేపు ఒళ్లో పెట్టుకునేదాన్ని, వెచ్చగా ఉంటుందని.

ఆ వారంలోనే నాకు ఒక సందేహం పట్టుకుంది. ఈ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారు? మామ ఎల్లస్వామి "అవ్వా, ఇటు రా" అంటాడు. అత్తమ్మ సాయమ్మ "మా అత్త బువ్వ తిన్నదా?" అని అడుగుతుంది. బావ "బిడ్డా" అంటాడు, హరీశ్ "బుజ్జీ" అంటాడు. తల్లి స్వరూప, అంటే నా తోడికోడలు, "బంగారీ" అంటుంది. ఐదు పిలుపులూ ఆ ఒక్క పిల్లకే. అసలు పేరు మాత్రం పెరట్లో ట్రాక్టర్ షెడ్డు మీద కప్పిన పాత ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. మొదటి పుట్టినరోజుకు హరీశ్ స్వయంగా అచ్చు వేసినది. గులాబీరంగు అక్షరాలు, మూరెడు ఎత్తున. రేణుక.

"గింత మంచి పేరు, ఎందుకు పిలువరక్కా?" అన్నాను.

స్వరూపక్క గభాలున వంటింటి వైపు చూసింది. "మెల్లగ! అత్తమ్మకు అత్త పేరది. ముసలామె పోయిన యేడే ఇది పుట్టింది, మామ తన తల్లి పేరు పెట్టుకున్నడు. పెట్టుడైతే పెట్టిండు గని, అత్త పేరు కోడలి నోట్లకు రావద్దు గదా. అత్తమ్మ అనది, మమ్ముల అననియ్యది."

రేణుక అంటే నాకు ప్రాణమైంది. అరుగు మీద చింతగింజలు వరుసగా పేర్చేది, దారం పట్టి గీసినట్టు. నేనొకటి జరిపితే నా వైపు చూడకుండానే మళ్లీ దాని చోట పెట్టేది. దాహమైతే వచ్చి నా మణికట్టు పట్టుకుని బిందె దగ్గరికి తీసుకెళ్లేది. ఇంట్లో ఇంతమంది ఉండగా నా చెయ్యే పట్టుకుంటుందని మా అమ్మకు ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, చెంబు ముంచుతూ, ఒక సంగతి గమనించాను. ఆ పిల్ల నన్ను పట్టుకోలేదు. చెయ్యిని పట్టుకుంది. గరిటెను పట్టుకున్నట్టు. నా మొహం వైపు ఒక్కసారీ చూడలేదు, ఆ రోజే కాదు, వచ్చినప్పటి నుంచీ. ఏడాదిన్నర అప్పుడు "తాత" అనేదట, "బువ్వ" అనేదట. తర్వాత ఆ రెండూ కూడా పోయాయి.

ఏప్రిల్‌లో అంగన్‌వాడీ టీచర్ తుల్సీబాయి రిజిస్టర్ పట్టుకుని వచ్చింది. పిల్ల బరువు తూచింది, ఎత్తు రాసుకుంది. తర్వాత ఇంకో కాగితం తీసింది.

"ఏలుతోని ఏదన్న చూపిస్తదా అక్కా? గది గావాలె, గిది గావాలె అని?"

"చూపియ్యకున్నా మాకెర్కయితది" అంది స్వరూపక్క.

"మొఖంల మొఖం పెట్టి చూస్తదా?"

"సిగ్గు దానికి."

"పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతదా?"

వంటింట్లో అత్తమ్మ చేట చప్పుడు ఆగిపోయింది.

"పేరు మేం పిలువం గదా టీచర్" అంది అక్క తేలిగ్గా, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు. "పిలువని పేరుకు పిల్ల ఎట్ల పలుకుతది?"

తుల్సీబాయి నవ్వబోయి ఆగింది. పెన్ను కాగితం మీద పెట్టకుండా పట్టుకుంది. "మరి అవునని రాయాల్నా, కాదని రాయాల్నా?"

చివరికి తనే ఆ గడి ఖాళీగా వదిలేసింది. "మానుకోట పెద్ద దవాఖాన్ల గిసొంటి పిల్లల్ని చూసే మేడమ్ ఉన్నది. శుక్రారం ఉంటది. మూడేండ్లు నిండకముందే ఒక్కసారి చూపియ్యిండ్రి" అంది.

అత్తమ్మ బయటికొచ్చింది. "గిసొంటి పిల్లలంటే ఎసొంటి పిల్లలే? మా హరీశ్ నాలుగేండ్లదాంక మాట్లాడలే. ఇప్పుడు నోరు మూస్తడా? దవాఖానకు తిరిగితే ఊరంత పేరు పడ్తది. రోజూ వస కొమ్ము అరగదీసి తేనెల నాకిస్తున్న, మాటలు అవ్వే వస్తయి."

వసతో మాటలు రాలేదు. ఆ వారంలోనే కాటారం నుంచి అత్తమ్మ తమ్ముడు ఆగయ్య మామిడికాయల సంచితో వచ్చాడు. పిల్లను కాసేపు చూశాడు.

"అక్కా, నువ్వు నాలుకకు రాసుకుంట కూసుంటే కాదు. మా దిక్కు అడివి అంచున ఒక ముసలాయన ఉన్నడు. సువ్వ ఎర్రగ కాలవెట్టి చెవుల ఎనుక రెండు, బొడ్డు సుట్టు మూడు చురకలు పెడ్తడు. మూడొద్దులల్ల మాట దుంకుతది. అమాస పోయినంక ఆదివారం జీపు తెస్త, తోల్కపోదం."

"ఆదివారం మంచిదే" అన్నాడు బావ. పిల్ల వైపు చూడకుండా అన్నాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "కాలవెడ్తే ఎట్ల మామా? గింత పసిపిల్ల..."

"అబ్బో, కొత్తకోడలు మంచిగనే మాట్లాడుతదే! ఈమెకు ఎన్ని చురకలు పెట్టిన్లో చిన్నప్పుడు!" అన్నాడు ఆగయ్య.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్వరూపక్క మాత్రం నవ్వలేదు, అడ్డం కూడా చెప్పలేదు. అమావాస్య పోయిన ఆదివారానికి పన్నెండు రోజులున్నాయి.

మరునాడు మధ్యాహ్నం హరీశ్ భోజనానికి వచ్చినప్పుడు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను. "నువ్వన్న చెప్పు. నీ మాటైతే వింటరు."

"నువ్వొచ్చి నెలన్నర కాలే. వదిననే ఊకున్నది. నువ్వు మాట్లాడితే ఇంట్ల పరేషాన్ అయితది."

"నీకు ఇష్టమేనా?"

ఆయన చొక్కా కొంచెం పైకి తీశాడు. బొడ్డు పక్కన చిన్న గుండ్రటి మచ్చలు మూడు. నాకు తెలిసిన మచ్చలే. పెళ్లయిన కొత్తలో పుట్టుమచ్చలనుకుని, అదృష్టమంటారని మురిసిపోయాను.

"నీక్కూడా పెట్టిన్లా?" అన్నాను. "నొప్పి యాదికున్నదా?"

"నొప్పి యాదికి లేదు. పట్టుకున్న చేతులు యాదికున్నయి" అన్నాడు. చొక్కా దించుకున్నాడు. "అమ్మ చేతులు."

బజ్జీల పొట్లం ఆ సాయంత్రం కూడా వచ్చింది. నేను విప్పలేదు.

స్వరూపక్క తుల్సీబాయితో అన్న మాట నాకు వదల్లేదు. పిలవని పేరుకు పిల్ల ఎలా పలుకుతుంది? అది నిజమైతే ఎంత బాగుండు! పేరు అలవాటు చేస్తే చాలు, పిల్ల తిరుగుతుంది, చురకలూ వద్దు దవాఖానా వద్దు. అత్తమ్మ వడ్ల కల్లానికి వెళ్లగానే నేను పిల్ల వెనకాల కూర్చుని పిలవడం మొదలుపెట్టాను. "రేణుకా." మెల్లగా, గట్టిగా, పాటలాగా. చేతిలో పల్లీపట్టీ పెట్టుకుని. తొమ్మిది రోజులు. కాగితం చప్పుడైతే తిరిగేది. వంటింట్లో కుక్కర్ కూత పడితే చెవులు మూసుకునేది. వినిపించక కాదు. నా "రేణుకా" మాత్రం గోడకు తగిలినట్టు తగిలి కింద పడేది.

తొమ్మిదో రోజు గురువారం. పాలగిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్లాను. ట్రాక్టర్ షెడ్డులోంచి చిన్న గొంతు వినిపించింది.

"రేణుకా."

కాసేపు ఏమీ లేదు.

"రేణుకా... ఇగో, నేను. రేణుకా."

గులాబీరంగు అక్షరాల కింద స్వరూపక్క మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా పిల్ల వీపు. నన్ను చూసి అక్క కళ్లు తుడుచుకోలేదు, లేవలేదు.

"ఎన్నొద్దుల సంది అక్కా?" అన్నాను.

"యాడాది దాటింది" అంది. "అత్తమ్మ ఇంట్ల లేనప్పుడల్ల. తుల్సీబాయి అడుగుతే ఏం చెప్పాలె? యాడాది సంది పిలిచిన, తిరగలేదని నా నోటితోని చెప్పాల్నా?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. నేల మీద డీజిల్ వాసన. పిల్ల ఒక నట్టు దొరికించుకుని దాన్ని తిప్పుతోంది, అది ఆగేదాకా చూసి మళ్లీ తిప్పుతోంది.

"రేపు శుక్రారం" అన్నాను.

మా అమ్మ మామిడికాయ తొక్కు పెడుతోందని, సాయం కావాలందని ఇంట్లో చెప్పాం. ఘనపూర్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తామన్నాం. బస్టాండులో మానుకోట, అంటే మహబూబాబాద్ బస్సెక్కినప్పుడు నా గుండె చప్పుడు కండక్టర్‌కు వినిపిస్తుందేమో అనిపించింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అతను మా ఆధార్ కార్డులు చూసి రెండు జీరో టికెట్లు కొట్టిచ్చాడు. రేణుక అక్క చేతిలోంచి ఒక టికెట్ లాక్కుంది. సన్నటి కాగితం, గాలికి రెపరెపలాడుతుంది. దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని దారంతా కిటికీ గాలిలో ఆడించింది. నవ్వింది కూడా. అంత భయంలోనూ ఆ నవ్వు చూసి నేనూ అక్కా ఒకరి చేతులొకరం నొక్కుకున్నాం.

దవాఖానలో పిల్లను చూసిన మేడమ్ పేరు ఫరహత్. బల్ల వెనక కూర్చోలేదు, చాప మీద కూర్చుంది. పిల్లను పిలవలేదు. ఒక స్టీలు మూత తీసి తనే తిప్పింది. పిల్ల చూసింది. మేడమ్ మూతను అరచేత్తో ఆపి కదలకుండా కూర్చుంది. చాలాసేపు. చివరికి రేణుక ఆమె చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టింది. మేడమ్ "తిప్పు" అని ఒక్క మాట అని తిప్పింది. అలా ఇరవై ముప్పైసార్లు. మధ్యమధ్యలో మమ్మల్ని ప్రశ్నలడిగి రాసుకుంది. తర్వాత చెవుల పరీక్ష చేయించారు. చెవులు మంచిగా ఉన్నాయన్నారు.

"దీన్ని ఆటిజం అంటరమ్మా" అంది మేడమ్.

స్వరూపక్క చెంగు కొస వేలికి చుట్టుకుంటోంది. "నేనేం తప్పు చేసిన మేడమ్? ఫోన్ ఎక్కువ చూసిన్నా కడుపుతోని ఉన్నప్పుడు?"

"మీరేం చెయ్యలే. ఎవ్వలేం చెయ్యలే. కొందరు పిల్లలు గిట్లనే పుడ్తరు."

"చురకలు పెడ్తే..."

"కాలుతది. పుండయితది. మాట రాదు."

"నయం ఎప్పుడైతది?"

ఫరహత్ మేడమ్ కాగితాలు పక్కన పెట్టింది. "జరమైతే గోలీ ఇచ్చి దించుతం. ఇది జరం కాదు. నేర్పాలె. ఆటల్ల నేర్పాలె, తినేటప్పుడు నేర్పాలె, వారం వారం ఇక్కడికి రావాలె, ఇంట్ల రోజూ చెయ్యాలె. ఎంతదాంక వస్తదో ఇయ్యాల నేను చెప్పలేను. ఏం రాదని మాత్రం ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. మీరు జల్దినే వచ్చిన్లు." తర్వాత పెన్ను తీసింది. "ఇంట్ల ఏమని పిలుస్తరు?"

మేం ఐదు పేర్లు చెప్పాం. ఆమె రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"పెద్దోళ్లకే తిక్క లేస్తది గదమ్మా గిన్ని పేర్లుంటే! ఒక్కటే పేరు పెట్టుకోండ్రి. ఇంట్ల అందరు అదే పిలువాలె. తిరిగినప్పుడల్ల మెచ్చుకోండ్రి. ఏ పేరు?"

నేను అక్క వైపు చూశాను. అక్క చెంగు వదిలింది.

"రేణుక" అంది.

ఇంటికి వచ్చేసరికి మామ అరుగు మీద ఉన్నాడు. అత్తమ్మ వాకిలి ఊడుస్తోంది. "తొక్కు సీసా ఏదే?" అంది మమ్మల్ని చూడగానే.

సీసా సంగతి మాకిద్దరికీ గుర్తే లేదు. నేను ఏదో చెప్పబోయేలోగా మామ పిల్లను దగ్గరికి తీసుకుని, దాని పిడికిట్లో బస్సు టికెట్ చూసి మెల్లగా విప్పాడు. దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివాడు. "తొర్రూరు... మహబూబాబాద్."

మాటలు రాని పిల్ల మా బండారం బయటపెట్టింది.

బావ ట్రాక్టర్ దిగి వచ్చేసరికి అత్తమ్మ గొంతు వీధి దాకా వినిపిస్తోంది. "ఎవల్నడిగి పోయిన్లు?" అన్నాడు బావ. అక్క అంతా చెప్పింది, ఒక్క ముక్కా దాచకుండా. పేరు సంగతి కూడా చెప్పింది. యాడాది సంగతి కూడా.

"నా అత్త పేరు నా ఇంట్ల కుక్కపిల్లను పిలిచినట్టు పిలుస్తరా?" అంది అత్తమ్మ. "ఎల్లుండి ఆగయ్య వస్తడు. పోవుడు పోవుడే." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వొచ్చినంకనే ఇవన్ని."

శనివారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. రేణుక ఒక్కతే మామూలుగా ఉంది.

ఆదివారం ఎండ ముదరకముందే జీపు వచ్చి ఆగింది. ఆగయ్య దిగి మీసం దువ్వుకుంటూ "పిల్లను పట్టుకరాండ్రి, దూరం పోవాలె" అన్నాడు. పిల్ల లోపల మూత తిప్పుతోంది. స్వరూపక్క వచ్చి గడప మీద నిలబడి రెండు చేతులూ తలుపు చెక్కలకు ఆనించింది. సరిగ్గా నా పెళ్లి ఫోటోలోలాగే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"జరుగు" అన్నాడు బావ.

అక్క జరగలేదు. అప్పుడు హరీశ్ నా పక్కనుంచి ముందుకొచ్చాడు. అత్తమ్మ వైపు చూసి, గొంతు పెంచకుండా అడిగాడు.

"అమ్మా, ఈసారి పట్టుకునేది ఎవలు?"

"ఎవలన్న పట్టుకోండ్రి" అంది స్వరూపక్క. "కాలవెట్టినప్పుడు నా బిడ్డ ఎవల్ని పిలుస్తది? గది ఒక్కటి చెప్పుండ్రి. మనమంతా కాలుతే అమ్మా అంటం. దానికి గా మాట గూడ రాదు."

లోపల మూత గిరగిరా తిరిగి, తిరిగి, మెల్లగా నేల మీద పడుకున్న చప్పుడు వినిపించింది. బావ తల దించుకున్నాడు. అత్తమ్మ తన రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూసుకుంది. తర్వాత చేతులు చీరకు తుడుచుకుంది, వాటికేమీ అంటకపోయినా.

"ఆగయ్యా, కూసో. చాయ్ తాగిపో" అంది. "ఎండపూట జీపు ఉట్టిగనే తెచ్చినవ్."

అంతే. ఆ మాటకు అర్థం ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

మే నెలంతా శుక్రవారాలు మానుకోటవి. ఒక వారం బావే తీసుకెళ్లాడు. చాప మీద కూర్చోవడానికి సిగ్గుపడి గంటసేపు నిలబడే ఉన్నాడట, చివరికి పిల్లే చెయ్యి పట్టి లాగిందట. ఇంట్లో మూత మేం తిప్పేవాళ్లం, ఆపేవాళ్లం, "తిప్పు" అనేవాళ్లం. మామ పొద్దుటిపూట ఇరవైసార్లు లెక్కపెట్టి మరీ "రేణుకా" అని పిలిచేవాడు, తన తల్లిని పిలుచుకున్నట్టు. నీళ్లు కావాలంటే చెయ్యి పట్టుకోగానే ఇచ్చేయకుండా "నీళ్లు" అని ఆగేవాళ్లం. కొన్ని రోజులు పిల్ల తల నేలకేసి కొట్టుకునేది. ఆ రోజుల్లో ఎవరికీ అన్నం దిగేది కాదు. ఒకరోజు స్వరూపక్క "ఇగ నాతోని కాదు" అని షెడ్డులోకి వెళ్లి కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. మరునాడు మళ్లీ మొదలుపెట్టాం.

అత్తమ్మ ఒక్కతే పిలవలేదు. "మా అత్త" అనడం మానేసింది, కొత్త పేరుకూ నోరు రాలేదు. పిల్లకు తినిపించేది, స్నానం చేయించేది, అంతా నోరు విప్పకుండా. నలభై ఏళ్లు మింగిన పేరు కదా. నా హరీశ్ పేరు ఒక్క నిమిషం గడప మీద అడ్డంపడితేనే నాకు చెమటలు పట్టాయి. అందుకని అత్తమ్మను నేను తప్పుపట్టలేకపోయాను.

జూన్‌లో మొదటి వాన పడిన రోజు. షెడ్డు మీది ఫ్లెక్సీ మీద చినుకులు టపటపా మోగుతున్నాయి. రేణుక అరుగు చివర చింతగింజలు పేరుస్తోంది, జల్లు మీద పడుతున్నా జరగట్లేదు. నేను గిన్నెలు తోమి లోపలికి వస్తున్నాను. అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. నన్ను చూడలేదు.

ముందు కొంగు తీసి తల మీద కప్పుకుంది. పెద్దవాళ్లు ఎదురొచ్చినప్పుడు కప్పుకున్నట్టు. గొంతు సవరించుకుంది.

"రేణుకమ్మా" అంది. తర్వాత, తప్పు దిద్దుకున్నట్టు, "రేణుకా."

చింతగింజ పట్టుకున్న చిన్న చెయ్యి గాలిలో ఆగింది. పిల్ల తల తిప్పింది. అత్తమ్మ మొహం వైపు చూసింది. రెప్పపాటు, అంతకన్నా ఎక్కువ కాదు. మళ్లీ గింజల మీదికి వంగింది.

అత్తమ్మ కొంగు పళ్లతో పట్టుకుంది. కాసేపటికి నేను వెనకున్నానని తెలిసింది.

"చూసింది గదనే?" అంది.

"చూసింది అత్తమ్మా."

"మల్లోపారి పిలువాల్నా?"

"పిలువుండ్రి."

పిలిచింది. ఈసారి పిల్ల తిరగలేదు. అత్తమ్మ కొంగు సవరించుకుని, అరుగు మీదికి వెళ్లి, దాని పక్కన జల్లులోనే కూర్చుని, మూడోసారి పిలిచింది.